దేవదాసు పార్వతి: నిస్సహాయురాలా, పంతగత్తెనా?

కృష్ణాతీరం అడిగిన ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఆదివారం మా అన్నయ్య కూతురు సెలవులకు వచ్చి ఉండగా, 1953 నాటి ‘దేవదాసు’ చూడవలసిందేనని పట్టుబట్టి కూర్చోబెట్టాను. ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్న పిల్ల. నలుపు తెలుపు సినిమా అనగానే మొహం ముడుచుకుంటుందేమోనని భయపడ్డాను గాని, ఫోను పక్కన పెట్టి మరీ చూసింది. చివర దేవదాసు పార్వతి ఇంటి ముందు ప్రాణం విడిచేసరికి నేను ఎప్పటిలాగే కొంగు కళ్ళకు అద్దుకున్నాను. తను మాత్రం కాసేపు ఊరుకుని, “అత్తా, దేవదాసు చేతకానివాడని అందరికీ తెలుసు. మరి పార్వతి ఏం చేసింది? పెళ్ళి చేస్తామంటే చేసుకుంది, కొడితే కొట్టించుకుంది, ఆయన చచ్చిపోతే ఏడ్చింది. అంత అందంగా ఉంది కాబట్టి మనకు జాలి కలుగుతోంది గాని, మామూలుగా ఉండే ఆడపిల్లయితే ఇంత కథ ఉండేదా?” అని అడిగింది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ రోజుల్లో ఆడవాళ్ళకు స్వేచ్ఛ ఎక్కడిదని ఏదో అన్నాను. అంటున్నప్పుడే అది జవాబు కాదని నాకే తెలిసిపోయింది. ఆ సినిమాలోనే వేశ్య అయిన చంద్రముఖి తన వృత్తినీ వైభవాన్నీ వదిలేసి దేవదాసును వెతుక్కుంటూ తిరుగుతుంది. పార్వతి గడప లోపలే ఉండిపోతుంది. ఒకే కాలం, ఒకే కథ, ఒకే మగవాడు. మరి ఒకామె ఎందుకు కదిలింది, ఇంకొకామె ఎందుకు కదలలేదు? చంద్రముఖికి పోగొట్టుకోవడానికి పరువు లేదు కాబట్టి కదలగలిగిందని కొందరు అంటారు. అదే నిజమైతే పార్వతిది ప్రేమకన్నా పరువును పెద్దగా చూసుకున్న కథ అవుతుంది గాని, మనం ఇన్నాళ్ళూ చెప్పుకుంటున్న త్యాగం కథ కాదు.

నా బాధ ఇంకొకటి కూడా ఉంది. పార్వతిగా వేసిన సావిత్రి మొహం చూస్తున్నంతసేపూ నేను పార్వతిని తప్పు పట్టలేను. టీవీ ఆపేశాక మాత్రం మేనకోడలి వాదనే సబబుగా తోస్తుంది. అంటే ఇన్నేళ్ళుగా నేను పార్వతి పక్షాన నిలబడింది న్యాయం చూసి కాదా, కేవలం ఆ కళ్ళను చూసేనా? సినిమాను, వీలైతే దానికి మూలమైన బెంగాలీ రచయిత శరత్ నవలను కూడా దగ్గరగా చదివినవారు చెప్పండి. పార్వతి తనకు జరిగినదానికి ఎంతవరకు బాధ్యురాలు?

పాత బీరువా ఇచ్చిన సమాధానం

కృష్ణాతీరం గారూ, మీ మేనకోడలి మాటల్లో ఒకదానితో మాత్రం నేను ఏకీభవించలేను. “పెళ్ళి చేస్తామంటే చేసుకుంది” అన్నది ఆ కథలో జరిగినదానికి సరిగ్గా వ్యతిరేకం. కథ మొత్తంలో సమయానికి ఒక నిర్ణయం తీసుకుని, దాన్ని నోటితో చెప్పి, కాళ్ళతో నడిచి వెళ్ళి అమలు చేసిన మనిషి ఎవరంటే పార్వతి ఒక్కతే.

అర్ధరాత్రి సన్నివేశాన్ని గుర్తు చేసుకోండి. పెళ్ళి నిశ్చయమైన పిల్ల, పొరుగింటి జమీందారు మేడలోకి, అందరూ నిద్రపోతున్న వేళ, ఒంటరిగా వెళ్ళి దేవదాసును లేపుతుంది. నవలలో ఈ ఘట్టం ఇంకా పదునుగా ఉంటుంది. నిన్ను ఎవరైనా చూశారా అని దేవదాసు కంగారుగా అడుగుతాడు. కాపలావాడు చూశాడని ఆమె దాచకుండా చెబుతుంది. రేపు నీ తల ఎక్కడ పెట్టుకుంటావని అతడు అడిగితే, నదిలో అన్ని నీళ్ళున్నాయి, నా కళంకం వాటిలో మునిగిపోదా అన్న అర్థం వచ్చేట్టు జవాబిస్తుంది. అతని పాదాల దగ్గర కాస్త చోటు అడుగుతుంది. ఆ అడగటంలో దైన్యం లేదని నేను అనను, ఉంది. కాని చూడండి, పోగొట్టుకోవడానికి ఆమెకు ఉన్నది ఒక్క పరువే. దాన్ని ఆమె ఆ రాత్రే తీసి అతని ముందు పెట్టేసింది. చంద్రముఖికి పరువు లేదు కాబట్టి కదిలింది, పార్వతికి ఉంది కాబట్టి కదలలేదు అన్న వాదన ఈ ఒక్క ఘట్టంతో నిలవదు. అంత సాహసానికి అతడిచ్చిన జవాబేమిటి? అమ్మానాన్నల మాట కాదనలేనన్నాడు, పట్నం వెళ్ళిపోయాడు, అక్కడి నుంచి ఒక ఉత్తరం రాశాడు. నిన్ను నేనెప్పుడూ అంతగా ప్రేమించినట్టు అనిపించలేదన్నది ఆ ఉత్తరం సారం. పోస్టులో వేసిన తరువాత పశ్చాత్తాపపడ్డాడు. దేవదాసు జీవితమంతా ఇంతే. పనికిమాలిన పని ముందు జరిగిపోతుంది, మంచి ఆలోచన తీరిగ్గా వెనకాల వస్తుంది.

ఇక్కడ కులం గోత్రం సంగతి ఒకటి మన పాఠకులకు చెప్పాలి. దేవదాసు తల్లి ఈ సంబంధం వద్దనడానికి చెప్పిన కారణాల్లో ఒకటి, పార్వతి వాళ్ళది ఆడపిల్లకు డబ్బు పుచ్చుకునే ఇల్లు అన్నది. రెండోది, మరీ పక్కింటి సంబంధం కావడం. మొదటి కారణం మనకు కొత్త కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో మొదటిసారి ఆడినప్పుడు మన వైపు అగ్రహారాల్లో నడుస్తున్న వ్యవహారమే అది. తేడా ఏమిటంటే, మన నాటకంలో శుల్కం పుచ్చుకునే తండ్రిని చూసి నవ్వుతాం. శరత్ కథలో ఆ మచ్చ తండ్రిని వదిలి కూతురి మీద పడుతుంది. అంటే ఆమె వయసుకు రాకముందే, ఆమె చేయని ఒక లావాదేవీకి ఆమెను బాధ్యురాలిని చేశారు.

వయసు అన్నాను కాబట్టి ఇంకొక మాట. నవలలో ఈ గొడవంతా జరిగేనాటికి పార్వతికి పదమూడేళ్ళు. శారదా చట్టం వచ్చి ఆడపిల్ల పెళ్ళి వయసును 14 ఏళ్ళుగా నిర్ణయించింది 1929లో. నవల అచ్చయింది 1917లో. సినిమా తీసినవారు ఎదిగిన సావిత్రిని పెట్టడంతో మనం ఒక వయోజనురాలిని చూస్తున్నామనుకుంటాం. ఆ వయసు అమ్మాయి ఎదురు తిరగవచ్చు కదా, ఉద్యోగం చూసుకోవచ్చు కదా అని మీ మేనకోడలికి అనిపించడం సహజమే. కాని కథ ఎముకల్లో ఉన్నది ఒక చిన్నపిల్ల. తెర మీది దేహం పెరిగింది, ఆ పిల్లకు ఉన్న దారులు మాత్రం పెరగలేదు.

ఇక పుకుర్ గట్టున, అంటే చెరువు రేవులో, జరిగిన సంగతి. దేవదాసు తిరిగి వచ్చి, ఎలాగో మా వాళ్ళను ఒప్పిస్తానంటాడు. ఆమె కాదంటుంది. నీకు తల్లిదండ్రులు ఉన్నట్టే నాకూ ఉన్నారు, వారి ఒప్పుదల అక్కర్లేదా అంటుంది. నీ మనసు నిలకడ లేనిది, నాకు నీ మీద నమ్మకం లేదు, నేను వెళ్ళబోయే ఇంటాయన స్థిరమైన మనిషి అంటుంది. తరువాత వంద పేజీల పాటు దేవదాసు ఆ మాట నిజమని నిరూపించడం తప్ప ఇంకేమీ చేయడు. మొత్తం కథలో అతణ్ణి సరిగ్గా అంచనా వేసింది ఆ పదమూడేళ్ళ పిల్లే. అందుకు బహుమతిగా నుదుట దెబ్బ తిన్నది. చేతకాక ఊరుకున్నవాళ్ళను ఎవరూ కొట్టరు కదండీ. ఎదురు చెప్పినందుకే కొట్టాడు.

రేడియో శ్రోత ఇచ్చిన సమాధానం

పై సమాధానం చాలా బాగుంది. నేను ఒక్క చిన్న విషయం చేర్చుతాను, ఇది నాకు ఈ సినిమా పాటలు వింటూ వింటూ తట్టింది.

పార్వతి ఏమీ చేయలేదని మనకు అనిపించడానికి కారణం కథలోకన్నా పాటల పంపకంలో ఎక్కువ ఉంది. ‘జగమే మాయ’, ‘కుడి ఎడమైతే’, ‘పల్లెకు పోదాం’ అన్నీ దేవదాసువే. ఘంటసాల గొంతుతో, సుబ్బురామన్ బాణీలతో, అతని దుఃఖానికి ఒక ఊరేగింపు జరిగింది. పార్వతి ఒంటరి బాధకు కె. రాణి గొంతులో ‘అంతా భ్రాంతియేనా’ ఉంది, నిజమే, అది గొప్ప పాట. అయినా లెక్క చూస్తే దుఃఖించే హక్కు ఎవరికి ఎక్కువ దక్కిందో తెలుస్తుంది. ఒకడు తాగి పాడుతుంటే మనం అతని మనసులోకి వెళ్ళిపోతాం. ఇంకొకామె సంసారం చేసుకుంటూ మౌనంగా తిరుగుతుంటే బయటి నుంచి చూస్తాం. బయటి నుంచి చూసినప్పుడు కనిపించేది ఏముంది, అందమేగా!

భాష కూడా అలాగే తేల్చేసింది. ప్రేమలో దెబ్బతిని గడ్డం పెంచినవాణ్ణి చూసి దేవదాసైపోయాడంటాం. పక్కన కుక్క కూడా ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. ఇష్టం లేని పెళ్ళి చేసుకుని, ఇంకొకరి పిల్లలను పెంచి, పెదవి విప్పకుండా బతికిన ఆడమనిషి మన ఊళ్ళలో ఇంటికొకరు ఉన్నారు. పార్వతైపోయింది అని ఎవరైనా అనగా మీరు విన్నారా?

ఊరి చివరి ఇల్లు ఇచ్చిన సమాధానం

పాత బీరువా గారి వాదన పట్ల గౌరవం ఉంచుకుంటూనే కొంచెం అడ్డుపడతాను. పార్వతిని నిస్సహాయురాలనే ముద్ర నుంచి తప్పించే ఉత్సాహంలో మనం ఆమెను నిర్దోషిని చేసేస్తున్నాం. ఆమెకు నిర్ణయం తీసుకునే శక్తి ఉందని ఒప్పుకున్న తరువాత, ఆ నిర్ణయాల ఫలితాల్లో ఆమె వాటా కూడా ఒప్పుకోవాలి. శక్తి ఉన్నదీ ఆమెకే, నింద మాత్రం ఇతరులకే అంటే కుదరదు.

చెరువు గట్టు మీద ఆమె అన్న మాటలు నిజాలే కావచ్చు. కాని ఆ నిజాలను ఆమె చెప్పిన సమయం చూడండి. రాత్రి తన పరువంతా పణంగా పెట్టడానికి సిద్ధపడ్డ పిల్ల, కొద్ది రోజుల తరువాత అతడు వచ్చి తప్పయిపోయిందని నిలబడినప్పుడు, తన కుటుంబం పరువును అడ్డం పెట్టుకుని తిప్పి కొట్టింది. అది వివేకం ఒక పాలు, పంతం మూడు పాళ్ళు. ఉత్తరంలో తగిలిన అవమానానికి చెల్లు వేసింది. మన ఇళ్ళలో పంతానికి పోయి సంసారాలు చెడగొట్టుకున్నవాళ్ళను చూస్తూనే ఉన్నాం. పార్వతి వాళ్ళలో ఒకతె. నేను దీన్ని దూషణగా అనడం లేదు. ఆ పంతం లేకపోతే ఆమె నాకు నచ్చేది కాదు. కాని మరొకరి నిలకడలేని తనాన్ని ఎత్తి చూపుతూ, ముక్కూ మొహం ఎరగని, తనకన్నా పెద్ద పిల్లలున్న మనిషికి తల వంచడం వివేకమని మాత్రం అనలేం.

దీనికన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది వేరొకటి ఉంది. నవలలో చిన్నప్పుడు ఒకసారి దేవదాసు ఆమెను ఒళ్ళు కందేలా కొడతాడు. ఎవరు కొట్టారని ఇంట్లో అడిగితే, బడి పంతులు కొట్టాడని ఆ పిల్ల చెబుతుంది. ఏ పాపం ఎరగని పంతులు మీద నింద పడుతుంది, ఆమె చదువు ఆగిపోతుంది. పెద్దయ్యాక నుదురు చిట్లినప్పుడు కూడా రేవులో జారి పడ్డానని చెబుతుంది. రెండుసార్లూ అబద్ధం ఆడింది, రెండుసార్లూ అతని చేతిని కాపాడింది. చిన్నప్పటి అబద్ధానికి ఆమెను తప్పు పట్టలేం. రెండోది మాత్రం తెలిసి చేసినది. కొట్టినా తన పేరు బయటకు రాదన్న ధీమాతో దేవదాసు పెరిగాడంటే, అందులో తల్లి గారాబం ఎంత ఉందో పార్వతి మౌనం కూడా అంత ఉంది. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఒకామె ఇలాగే మెట్ల మీద జారానని ఇరవై ఏళ్ళు చెబుతూ వచ్చింది. ఆమెను ఎవరూ నిందించలేదు, ఎవరూ ఆపలేదు కూడా. అందుకే ఈ ఘట్టం వచ్చినప్పుడు నాకు కళ్ళు చెమర్చవు, ఒళ్ళు మండుతుంది.

పెళ్ళి తరువాతి సంగతి కూడా అడగాలి. భర్త చెడ్డవాడు కాడు. ఆమెను గౌరవంగా చూసుకున్నాడు, సవతి కొడుకు మహేంద్ర తల్లిగా భావించాడు. మండిపడుతూ వచ్చిన సవతి కూతురికి తన ఒంటి మీది నగలన్నీ తీసి తొడిగి ఆమె మనసు గెలుచుకుంది పార్వతి. ఇంత సమర్థురాలు, ఆ ఇంటికి తన మనసు తప్ప అన్నీ ఇచ్చింది. ఆ ముసలాయనకు జరిగిన అన్యాయం గురించి మనం ఒక్క వాక్యం కూడా రాయం. ఆయన గురించి ఎవరికీ జాలి లేదు, ఎందుకంటే ఆయన అందగాడు కాడు. ఇక్కడ మాత్రం కృష్ణాతీరం గారి మేనకోడలు నూటికి నూరుపాళ్ళు సరిగ్గా పట్టుకుంది.

పాత బీరువా ఇచ్చిన సమాధానం

రెండో అబద్ధం గురించి మీరు అన్నది నేను ఇంతవరకు ఆ కోణంలో ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. అయితే బడి పంతులు సంగతి చెప్పినప్పుడు దాని పక్కనే ఉన్న ఇంకొక చిన్ననాటి ముచ్చటను కూడా చెప్పి ఉండవలసింది. దేవదాసు దాచుకోమని ఇచ్చిన మూడు రూపాయలను ఆమె దారిన పాడుకుంటూ పోతున్న ముగ్గురు వైష్ణవ స్త్రీలకు ఇచ్చేస్తుంది. రెండు ఇస్తే సరిపోయేది కదా అని అతడంటే, వాళ్ళకు మనలాగా లెక్కలు రావు, ముగ్గురూ రెండు రూపాయలను ఎలా పంచుకుంటారు అంటుంది. ఆ పిల్లలో ఉన్న ఔదార్యం, తెగింపు, ఎవరినీ అడగకుండా నిర్ణయించే తత్వం, అన్నీ ఈ ఒక్క చోటే కనిపిస్తాయి. తరువాత జమీందారిణిగా చేసిన దానధర్మాలన్నీ ఈ మూడు రూపాయల కొనసాగింపే. భర్తకు మనసు ఇవ్వలేదన్నారు; మనసు అన్నది రెండు రూపాయలు ముగ్గురికి పంచినట్టు పంచే వస్తువైతే పేచీయే లేదు.

మంజీర ఇచ్చిన సమాధానం

చర్చ అంతా పార్వతి ఏం చేసింది, ఏం చేయలేదు అన్న దాని మీదే నడుస్తోంది. ప్రశ్నలో రెండో సగం అందం గురించి. దాన్ని ఎవరూ పూర్తిగా పట్టించుకోలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఈ కథలో అందం పార్వతికి సొంత ఆస్తి కాదు. ఆమె మీద మోపిన నేరం. చెరువు గట్టున ఆమె ఎదురు చెప్పినప్పుడు దేవదాసుకు కోపం తెప్పించింది ఆమె తర్కం. అతడు జవాబు చెప్పింది మాత్రం ఆమె మొహానికి. ఇంత గర్వం పనికిరాదు, చంద్రుడికి కూడా మచ్చ ఉంది, నీకూ ఒకటి ఉండనీ అన్న ధోరణిలో కొడతాడు. వాదనలో ఓడిపోయిన మగవాడు ఎదుటి మనిషి అందానికి శిక్ష వేశాడు. పైగా ఆ మచ్చను ప్రేమకు గుర్తుగా ఇచ్చినట్టు మాట్లాడతాడు, మనమూ తరతరాలుగా అలాగే చూస్తున్నాం. బారువా 1935లో తీసిన బెంగాలీ చిత్రం మొదలు, 1955లో బిమల్ రాయ్ తీసిన హిందీ చిత్రం, 2002లో భన్సాలీ తీసినది వరకు ప్రతి తరమూ ఆ మచ్చను మరింత అలంకారంగా మార్చుకుంటూ వచ్చింది. 2002 నాటికి అది దాదాపు నుదుటి మీది ఆభరణమైపోయింది. ఆ సినిమాలో పట్టుచీరల బరువు కింద పార్వతి ఏమనుకుంటుందో నాకు చివరి దాకా తెలియలేదు. ఇది నా అభిప్రాయం మాత్రమే, అభిమానులు నొచ్చుకోవద్దు.

అందం మోపే రెండో బరువు నటీమణి మీద పడుతుంది. బిమల్ రాయ్ సినిమాలో పల్లకీలో వెళుతున్న పార్వతి, కాలినడకన వెళుతున్న చంద్రముఖి దారిలో ఎదురుపడే సన్నివేశం ఉంది. మాటలు లేవు. సుచిత్రా సేన్, వైజయంతిమాల ఒకరినొకరు చూసుకుంటారు, అంతే. ఎవరు కదిలారు, ఎవరు కదలలేదు అన్న మన వాదనంతా ఆ రెండు చూపుల్లో ఉంది. ఆ చిత్రానికి తనకు సహాయనటి పురస్కారం ఇస్తామంటే, నా పాత్ర సహాయ పాత్ర కాదంటూ వైజయంతిమాల తిరస్కరించింది. కథ మొత్తం మీద పరిశ్రమకు ఒక స్త్రీ వేసిన సరైన ప్రశ్న అదే అనిపిస్తుంది నాకు.

సావిత్రి సంగతికి వస్తే, కృష్ణాతీరం గారు ఆ కళ్ళకు లొంగిపోయానని సంకోచపడుతున్నారు. సంకోచం అక్కర్లేదండీ. ఆ వయసులో సావిత్రి చేసిన పని కేవలం అందంగా కనిపించడమైతే మనం డెబ్బై ఏళ్ళ తరువాత కూర్చుని ఇంత రాసుకునేవాళ్ళం కాదు. అత్తవారింట్లో పార్వతి అందరితో మాట్లాడుతూ, పనులు పురమాయిస్తూ, మర్యాదగా నవ్వుతూ ఉంటుంది. దేవదాసు పేరు వినిపించినప్పుడు మాత్రం మొహంలో ఏదీ కదలదు. ఏడుపుకన్నా అలా కదలకుండా ఉండటం కష్టం. దాన్నే మనం చేతకానితనమని పొరబడుతున్నాం. లోపల ఒక మనిషి తన్నుకుంటుంటే మొహాన్ని నిశ్చలంగా పట్టి ఉంచడం కూడా ఒక పనే. మన అమ్మమ్మలు జీవితమంతా చేసిన పని అదే.

ఊరి చివరి ఇల్లు గారి కోపం నాకు అర్థమైంది. ఒక్క చోట మాత్రం తేడా పడతాను. దేవదాసును కాపాడిన రెండో అబద్ధం ఆమె బాధ్యతే. కాని ఆమె నిజం చెప్పి ఉంటే ఏం జరిగేది? పెళ్ళి ముందు పరాయి మగవాడితో రేవులో ఏం పని అని మొదటి ప్రశ్న ఆమెకే వచ్చేది. పెళ్ళి ఆగిపోయేది, కన్నవాళ్ళు నలుగురిలో తలెత్తుకోలేకపోయేవారు, దేవదాసు మళ్ళీ పట్నం వెళ్ళిపోయేవాడు. ఆమె అబద్ధం అతణ్ణి కాపాడిన మాట నిజం, దానితో పాటు తనను కూడా కాపాడుకుంది. ఆ రెండింటిని విడదీసే వీలు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఈ సమాధానాలన్నీ మా మేనకోడలికి చదివి వినిపించాను. పదమూడేళ్ళు అన్న మాట దగ్గర తను చాలాసేపు ఆగిపోయింది. తరువాత, పార్వతి చేతకానిది అన్న తన మాటను వెనక్కి తీసుకుంటానంది, కాని జాలి మాత్రం ముందుకన్నా తగ్గిందంది. ఎందుకని అడిగితే, తెలివి తక్కువ పిల్ల అనుకున్నప్పుడు జాలి పడటం సులువు, అన్నీ తెలిసి చేసింది అంటే కోపం వస్తోంది అంది. ఊరి చివరి ఇల్లు గారికి ఒక తోడు దొరికినట్టే.

నాకు మాత్రం చివరి సన్నివేశం కొత్తగా తోచింది. నేను ఎప్పుడూ దాన్ని దేవదాసు చావుగానే చూశాను. ఈసారి ఆలోచిస్తే, పార్వతి గడప దాటడం ఈ కథలో రెండుసార్లు వస్తుంది. మొదటిసారి అర్ధరాత్రి, కాపలావాడు చూస్తుండగా వెళ్ళింది. ఆపినవారు లేరు, ఆదరించినవాడూ లేడు. రెండోసారి నలుగురి కళ్ళ ముందు, జమీందారిణి హోదాలో, చచ్చిపోయినవాడి కోసం పరుగెత్తింది. నవలలో ఆమె దారికి అడ్డం నిలిచింది తనను తల్లిగా భావించిన మహేంద్రే; పట్టుకోండని కేక వేసింది భర్త. బారువా సినిమాలో తలుపులు మూసుకుపోవడం నవలలో లేదని ఇప్పుడు పుస్తకం తిరగేస్తే తెలిసింది. అక్కడ మనుషులే తలుపులు. ఆ కొడుకు చెడ్డవాడు కాడు, తల్లి పరువు కోసమే అడ్డం నిలిచాడు. ఆమెను తల్లిగా చూసుకున్నవాడే ఆమెకు అడ్డం వచ్చాడు అన్నది నన్ను రాత్రంతా నిద్ర పోనివ్వలేదు.

వచ్చే శనివారం మళ్ళీ చూద్దామని పిల్లే అడిగింది. ఈసారి కథ కోసం కాదట. పెళ్ళయిన తరువాత వచ్చే ప్రతి సన్నివేశంలోనూ బొమ్మ ఆపి, సావిత్రి నుదుటి మీద ఆ మచ్చ ఎక్కడెక్కడ కనిపిస్తుందో, ఎక్కడ బొట్టూ జుట్టూ దాన్ని కప్పేస్తాయో లెక్క వేస్తుందట. కాగితం, పెన్సిలు ఇప్పుడే తీసి పెట్టుకుంది.